మాత్రలు ఆపాక మళ్లీ నిద్ర పట్టడం లేదు... నెలనెలా తిరుపతికే వెళ్లాలా?

ప్రశ్న: మాది నగరి దగ్గర పల్లె. మా తమ్ముడికి 24 ఏళ్లు, మరమగ్గం పని. ఆరు నెలల కిందట తనలో తానే మాట్లాడుకోవడం, అన్నంలో ఏదో కలిపామని అనుమానించడం మొదలైతే తిరుపతి రుయా ప్రభుత్వాసుపత్రిలో చూపించాం. సైకోసిస్ (లేనివి ఉన్నట్టు అనిపించే మానసిక జబ్బు) అన్నారు. రాత్రిపూట ఒలాంజపిన్ 10 మి.గ్రా. మాత్రతో రెండు నెలల్లో తేరుకుని పనికి కూడా పోయాడు. ఒళ్లు వచ్చిందని, మత్తుగా ఉందని, ప్రతి నెలా తిరుపతికి పోలేక మూడు వారాల కిందట ఆపేశాం. ఇప్పుడు మూడు రాత్రులుగా నిద్ర లేదు. ఊళ్లోవాళ్లు షోళింగర్ కొండ మీది నరసింహస్వామి గుడికి తీసుకెళ్లమంటున్నారు. ఏం చేయమంటారు?

డాక్టర్ సలహా: రేపే డాక్టరుకు చూపించండి. ఈ జబ్బు తిరగబెట్టే ముందు చాలామందిలో మొదట చెడేది నిద్రే. అనుమానాలు, మాటలు వినిపించడం ఆ తర్వాత వస్తాయి. ఇప్పుడే పట్టుకుంటే చాలావరకు ఆసుపత్రిలో చేర్చే అవసరం రాదు. ఆపి మూడు వారాలైంది కాబట్టి ఏ మోతాదుతో మళ్లీ మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి. పాత చీటీ చూసి మీరే వేయకండి. పాత ఓపీ చీటీ, వాడిన మాత్రల ఖాళీ షీట్లు వెంట తీసుకెళ్లండి.

బాగయ్యాడని మందు ఆపడమే ఇక్కడ జరిగిన పొరపాటు. తప్పు మీ ఒక్కరిదే అనను. ఎంతకాలం వాడాలో మొదటి రోజే ఇంట్లో అందరికీ అర్థమయ్యేలా చెప్పి ఉండాల్సింది. మొదటిసారి వచ్చిన సైకోసిస్‌కు కూడా పూర్తిగా తేరుకున్నాక కనీసం ఏడాది, రెండేళ్లు మందు కొనసాగాలి. మధ్యలో ఆపేసిన వాళ్లలో సగానికి పైగా ఏడాదిలోపే తిరగబెడుతుంది.

ఒళ్లు రావడం నిజమే, ఒలాంజపిన్ ఆకలి పెంచుతుంది. అయితే దానికి మందు మార్చుకోవచ్చు, ఆపనక్కర్లేదు. 60 కిలోల మనిషి 64 దాటితే డాక్టరుకు చెప్పండి. పరగడుపున షుగరు, కొలెస్ట్రాల్ మొదట్లో ఒకసారి, మూడు నెలలయ్యాక ఒకసారి, తర్వాత ఏటా చూపించాలి. రిస్పెరిడోన్ లాంటి మందులతో బరువు కొంత తక్కువగా పెరుగుతుంది కానీ చేతులు వణకడం, ఒళ్లు బిగుసుకుపోవడం రావచ్చు. వాటికీ విరుగుడు మాత్ర ఉంది. పొద్దున మత్తు పోకపోతే మాత్ర రాత్రి 8 గంటలకే వేయవచ్చా అని అడగండి. తిరిగే మగ్గం దగ్గర మత్తుగా నిలబడటం ప్రమాదం. మత్తు తగ్గే వరకు ఆ పని వద్దు. నైట్ షిఫ్టు అసలే వద్దు, నిద్ర చెడితే జబ్బుకు దారి ఇచ్చినట్టే.

ఇక అసలు సమస్య దూరం. ప్రతి నెలా మాత్రల కోసమే రుయాకి పోవాల్సిన పని ఉండకూడదు. ఈసారి వెళ్లినప్పుడు జబ్బు పేరు, మందు జనరిక్ పేరు (కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు), మోతాదు, మళ్లీ ఎప్పుడు రావాలో స్పష్టంగా రాసివ్వమనండి. ఆ కాగితం జిరాక్సు తీసి నగరి ప్రభుత్వాసుపత్రిలో డాక్టరుకు చూపించి, నెలనెలా మందు అక్కడే ఇప్పించమనండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ప్రకారం, అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నవి సామాజిక ఆరోగ్య కేంద్రం, ఆపై స్థాయి సర్కారు ఆసుపత్రులన్నిటిలో ఉచితంగా దొరకాలి. స్టాకు లేదంటే అక్కడితో వెనక్కి రాకండి, ఎప్పుడొస్తుందో అడిగి, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వాళ్లకు తెలియజేయమని డాక్టరును కోరండి. మీ ఊరి ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎంకు విషయం చెప్పి ఉంచండి. ఆసుపత్రిలో మందు ఉందో లేదో బయల్దేరే ముందే వాళ్ల ద్వారా కనుక్కోవచ్చు.

పది మాత్రల షీట్లు మూడు ఇస్తే, మూడో షీటు తెంచిన రోజే మళ్లీ మందు తెచ్చుకునే రోజు. చివరి మాత్ర దాకా ఆగితే సెలవు రోజో, స్టాకు లేకపోవడమో అడ్డొచ్చి మందు తెగిపోతుంది. మాత్ర నాలుక కింద దాచి ఉమ్మేస్తున్నాడని అనుమానం ఉంటే నోట్లో కరిగిపోయే మాత్ర ఉంది. రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి వేసే ఇంజెక్షన్లూ ఉన్నాయి. వాటి గురించి అడగడానికి మొహమాటపడొద్దు.

షోళింగర్ వెళ్లాలనుకుంటే వెళ్లండి, దేవుడిపై నమ్మకానికి నేను అడ్డు చెప్పను. ముందు డాక్టరుకు చూపించాకే, నిద్ర కుదురుకున్నాకే వెళ్లండి. మాత్రలు వెంట ఉండాలి, ఉపవాసాలు వద్దు. అక్కడే ఉంచి రావడం, కట్టేయడం చేయకండి. గొలుసుతో కట్టడాన్ని చట్టం నిషేధించింది.

రాత్రివేళ ఏం చేయాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మాత్రలు పంపరు గానీ ఏం చేయాలో, ఎక్కడికి వెళ్లాలో చెబుతారు. అన్నం నీళ్లు మానేసినా, చచ్చిపోతానన్నా, ఎవరినైనా కొట్టబోయినా ఫోన్‌లో సలహాలతో ఆగకుండా 108కి చేయండి. ఆ పరిస్థితిలో సైకియాట్రిస్టు లేకపోయినా, దగ్గరున్న ఏ ఎంబీబీఎస్ డాక్టరైనా 72 గంటల వరకు అత్యవసర చికిత్స చేయవచ్చని చట్టమే చెబుతోంది. ఇంట్లో పురుగుమందు డబ్బా ఉంటే ఇవాళే బయటికి పంపేయండి.