అత్యవసర గర్భనిరోధక మాత్ర వేసుకున్నాక నెలసరి ఆలస్యమైతే...

ప్రశ్న: నా వయసు 26. మాది నర్సంపేట దగ్గరి పల్లె. రెండేళ్ల పాప ఉంది. కిందటి నెల నిరోధ్ చిరిగిపోవడంతో మావారు మరునాడు మెడికల్ షాపు నుంచి 72 గంటల మాత్ర తెచ్చారు. రాత్రి వేసుకుంటే వికారం, తలనొప్పి వచ్చాయి, తెల్లవారి ఒకసారి వాంతి అయింది. ఆరో రోజున కొద్దిగా రక్తం కనిపించి రెండు రోజుల్లో ఆగిపోయింది. ఇప్పుడు నెలసరి తేదీ దాటి నాలుగు రోజులైంది. ఈ ఆరు నెలల్లో ఈ మాత్ర వేసుకోవడం మూడోసారి. "గా గోలీలు మింగితె గర్భసంచి ఖరాబైతది" అని మా ఆడబిడ్డ అంటోంది. నిజమేనా?

జవాబు: మిమ్మల్ని భయపెడుతున్న లక్షణాలన్నీ ఆ మాత్ర పనిచేసే తీరు వల్ల వచ్చినవే. అందులో ఉండేది 1.5 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్ అనే హార్మోను. అది అండం విడుదల కావడాన్ని కొన్ని రోజులు వెనక్కి నెడుతుంది. పురుష బీజకణాలు స్త్రీ శరీరంలో ఐదు రోజుల వరకు బతికి ఉండగలవు కాబట్టి, ఆ గడువు దాటేదాకా అండం రాకుండా ఉంటే గర్భం నిలవదు. అండమే ఆలస్యమైనప్పుడు నెలసరి కూడా కొన్ని రోజులు జరగడం సహజం. కొందరికి ముందే వస్తుంది.

అండం అప్పటికే విడుదలై ఉంటే మాత్ర చేయగలిగింది చాలా తక్కువ. పెట్టె మీద 72 గంటలని ఉండేసరికి మూడో రోజు దాకా ఆగవచ్చనుకునేవారు మా ఓపీలో తరచుగా కనిపిస్తారు. అది ఆఖరి గడువు మాత్రమే, గంటలు గడిచేకొద్దీ మాత్ర పనితనం తగ్గుతూ పోతుంది.

వికారం, తలనొప్పి, నీరసం, రొమ్ముల సలుపు ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి. మాత్ర మింగిన రెండు గంటల లోపల వాంతి అయితేనే మరొకటి వేసుకోవాలి. మీకు వాంతి అయింది తెల్లవారి కాబట్టి మందు అప్పటికే ఒంటికి పట్టి ఉంటుంది. అయితే ఆరో రోజున కనిపించిన రక్తాన్ని నెలసరిగా లెక్కవేయకండి. అది హార్మోను హెచ్చుతగ్గుల వల్ల కనిపించే మచ్చ మాత్రమే, దాన్ని చూసి గర్భం లేదని నిశ్చింతగా ఉండిపోయినవారు ఉన్నారు. రావలసిన తేదీకి వారం దాటినా నెలసరి రాకపోతే మూత్ర పరీక్ష చేసుకోండి. నిశ్చయ్ కిట్ మీ ఆశా కార్యకర్త దగ్గర దొరుకుతుంది. ఒకవేళ గర్భం నిలిచినా ఈ మాత్ర దాన్ని తీసేయదు, బిడ్డకూ హాని చేయదు. పొత్తికడుపులో ఒకవైపు తీవ్రమైన నొప్పి గానీ కళ్లు తిరిగి పడిపోవడం గానీ ఉంటే మాత్రం పరీక్ష కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి, ఎందుకంటే గర్భం ట్యూబులో నిలిచినప్పుడు అలాగే ఉంటుంది.

మీ ఆడబిడ్డ అన్నట్టు గర్భసంచి పాడవదు, ముందుముందు పిల్లలు పుట్టకుండా పోవడమూ ఉండదు. కానీ ఆరు నెలల్లో మూడుసార్లు వాడవలసి వచ్చిందంటే మీకు రోజూ కాపాడే పద్ధతి ఒకటి కావాలని అర్థం. ఈ మాత్ర వేసుకున్న తర్వాత జరిగే కలయికకు రక్షణ ఇవ్వదు సరికదా, వెనక్కి జరిగిన అండం సరిగ్గా ఆ రోజుల్లోనే విడుదల కావచ్చు. వరంగల్ సీకేఎం ఆసుపత్రిలో గానీ హనుమకొండ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో గానీ కాపర్‌-టీ, మూడు నెలలకోసారి తీసుకునే గర్భనిరోధక ఇంజెక్షన్ అంతర, హార్మోను లేని గర్భనిరోధక మాత్ర ఛాయ గురించి అడగండి. చిన్న పాప ఉన్న మీకు కాపర్‌-టీ నప్పుతుందని నా అభిప్రాయం.

మరొక్క మాట. నెలసరి రప్పిస్తుందని దుకాణంలో చేతిలో పెట్టే గర్భస్రావం కిట్ ఇది కాదు. దాన్ని డాక్టరు చూడకుండా వాడి, రక్తస్రావం ఆగక వచ్చేవారి పరిస్థితి ప్రాణాల మీదికి వస్తుంది.

ప్రశ్న: రెండు నెలలుగా టీబీ మందులు వాడుతున్నాను. ఈ మాత్ర నాకు పనిచేస్తుందా? (ఒక పాఠకురాలు, హుజూరాబాద్)

జవాబు: మామూలు మోతాదు మీద ఆధారపడకండి. టీబీ చికిత్సలోని రిఫాంపిసిన్ ఈ హార్మోనును కాలేయంలో త్వరత్వరగా కరిగించేస్తుంది. ఆ ప్రభావం చికిత్స ముగిశాక కూడా నాలుగు వారాల పాటు ఉంటుంది. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపైన్ మందులతోనూ ఇదే చిక్కు. మీలాంటివారికి కలయిక జరిగిన ఐదు రోజుల లోపల కాపర్‌-టీ వేయించుకోవడం అన్నిటికంటే నమ్మకమైన మార్గం, అది తర్వాత ఏళ్ల తరబడి రక్షణగా కూడా ఉంటుంది. అది కుదరకపోతే డాక్టరు రెట్టింపు మోతాదు, అంటే రెండు మాత్రలు ఒకేసారి వేసుకోమని చెప్పవచ్చు. రోజూ వేసుకునే గర్భనిరోధక మాత్రలూ మీకు సరిగా పనిచేయవు కాబట్టి, కాపర్‌-టీ వద్దనుకుంటే అంతర ఇంజెక్షన్ తీసుకోవచ్చు, దాని మీద రిఫాంపిసిన్ ప్రభావం ఉండదు. గర్భం రాకూడదన్న ఆందోళనతో టీబీ మందులు మాత్రం ఒక్క రోజు కూడా ఆపకండి. ఈ విషయం మీకు ఆ మందులు ఇస్తున్న ఆరోగ్య కేంద్రంలోనే ముందుగా చెప్పండి.