టేపు రెండు వైపులా పట్టు, అమ్మలూ

చిరంజీవి అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

పారిస్‌లోని పాలే గార్నియే ఒపెరా భవనాన్ని కొలిచి డ్రాయింగులు గీసే బృందంలో నీకు చోటు దొరికిందని మీ నాన్న చెప్పినప్పటి నుంచి నాకు సరిగా నిద్ర లేదు. సంతోషం కొంత, తల పైకెత్తి నడుస్తూ ఎక్కడ మెట్టు తప్పుతావోనన్న బెంగ కొంత.

టేపు, టార్చి, మెత్తని అడుగున్న బూట్లు నీకు గుర్తు చేయనక్కరలేదు. 54 మీటర్ల పొడవున్న గ్రాండ్ ఫాయేలో, అంటే ప్రేక్షకులు విరామంలో తిరిగే పెద్ద హాలులో, అద్దాల మీద దూరం కొలిచే లేజరు చుక్క దారి తప్పుతుంది కనుక, ఒకరిచేత తెల్ల అట్టముక్క పట్టించు.

ఇరవై ఆరేళ్ల వయసులో నేను కోస్తాలో ఒక పాత నాటకశాలను కొలిచాను. బాల్కనీ ఎడమ సగాన్ని అంగుళం అంగుళం కొలిచి, సాయంత్రం బస్సు అందుకోవాలన్న తొందరలో ట్రేసింగు కాగితం తిరగేసి కుడి సగం గీసేశాను. రెండు పక్కలా అవే స్తంభాలు, అవే గార పువ్వులు. మూడు నెలల తరువాత రెయిలింగు బిగించడానికి వచ్చిన వడ్రంగి చివరి టేకు ముక్కను ఎత్తి పట్టుకొని, “అయ్యగారూ, నాలుగంగుళాలు పొట్టి” అన్నాడు. బయటి సందు వంకరకు తగ్గట్టు ఆ గోడను కట్టారని అప్పుడు తెలిసింది. అతను ఇంకేమీ అనకుండా, చెవి మీది పెన్సిలు తీసి ఆ ఖాళీ దగ్గర గుర్తు పెట్టాడు. కొత్త టేకుకు రెండు నెలల జీతం పోయింది. ఆ సంగతి మీ పెద్దమ్మకు ఇప్పటికీ తెలియదు.

నువ్వు వెళ్తున్న భవనం అంతకంటే మాయలాడి. 1861లో దాని నమూనా పోటీ గెలిచిన వాస్తుశిల్పి షార్ల్ గార్నియే దానికి తూర్పున ఒపెరా చందాదారులకు, పడమట చక్రవర్తికి మండపాలు పెట్టాడు. దూరం నుంచి కవలల్లా కనిపిస్తాయి గానీ, చక్రవర్తి బండి పైదాకా వెళ్లే వాలుదారులు పడమటనే ఉన్నాయి. 1870లో మూడవ నెపోలియన్ గద్దె దిగాక ఆ మండపం పని అసంపూర్తిగానే మిగిలింది. ఇప్పుడు అందులో గ్రంథాలయం, మ్యూజియం ఉన్నాయి. ప్రేక్షకుల హాలు కప్పుదీ అలాంటి మాయే: 1964లో అమర్చిన, చిత్రకారుడు షగాల్ వేసిన చిత్రం వెనుక ల్యూనెప్వూ వేసిన పాత చిత్రం భద్రంగా ఉంది.

ఏడు టన్నుల షాండ్లియర్ కింద మాత్రం ఎక్కువసేపు నిలబడకు. 1896లో దాని సమతూకపు బరువు ఊడిపడి ఒక మనిషి చనిపోయాడు. ఇప్పుడు భయం లేదని నువ్వంటావు; అయినా పక్కకు జరుగు తల్లీ, ఈ ముసలివాడి కోసం.

పడమటి మండపం డ్రాయింగు పూర్తయిన రోజున నాకొక ప్రతి పంపు. స్కేలు పట్టుకొని కూర్చుంటాను.

మీ పెదనాన్న