టోపీ సంగతి తర్వాత, ముందు తాడు చూడు

ఫోర్ట్ వర్త్, టెక్సాస్

చిరంజీవి బుజ్జమ్మకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన బొమ్మలన్నీ పెద్దవి చేసుకుని చూశాను. ఆకాశం భలే కుదిరింది. రంగులో నీకు నేను చెప్పేదేమీ లేదు. చిక్కల్లా ఆ కౌబాయ్‌తోనే. టోపీ ఉంది, బూట్లున్నాయి, వెనక పొద్దు వాలుతోంది, పాపం ఆ మనిషికి చేయడానికి పనే లేదు. ఫొటో కోసం గుర్రమెక్కిన పెళ్ళికొడుకులా ఉన్నాడు. కౌబాయ్ అంటే పశువుల దగ్గర కూలి పనివాడమ్మా. అతను ఏం పని చేస్తున్నాడో నీకు తెలియకపోతే ఆ బొమ్మ నిలబడదు.

కౌబాయ్ బొమ్మలకి పేరుపడ్డ అమెరికన్ చిత్రకారుడు చార్లీ రసెల్ సంగతి చెబుతాను, నీకు పనికొస్తుంది. 1864లో సెయింట్ లూయీలో కలిగినవాళ్ళ ఇంట పుట్టాడు. పదహారేళ్ళు నిండుతుండగా, 1880లో, పశువుల మేతభూములున్న మోంటానా వెళ్ళాడు. గొర్రెల దగ్గర నిలవలేకపోయాడు. ఒక వేటగాడి వెంట రెండేళ్ళు తిరిగి, 1882లో జూడిత్ బేసిన్‌లో పశువుల మందలు పోగుచేసే వాళ్ళతో చేరాడు. అతనికి దొరికింది రాత్రిపూట గుర్రాల్ని కాసే పని. తాడు విసరడంలో, స్వారీలో తనేమీ మొనగాణ్ణి కాదని తనే చెప్పుకున్నాడు. కానీ రాత్రి కాపలా కాసేవాడికి పగలు చూడ్డానికి తీరిక ఉంటుంది. మిగతావాళ్ళు దుమ్ములో దూడల్ని పట్టి వాతలు వేస్తుంటే ఇతను కూర్చుని గీసేవాడు. 1893లో మందలు వదిలి పూర్తిగా చిత్రకారుడయ్యే నాటికి ఆ పని మొత్తం కళ్ళలోకి ఎక్కించేసుకున్నాడు. కాబట్టి నీకు స్వారీ రాదని దిగులుపడకు. చూడ్డం వస్తే చాలు.

ఏం చూడాలి? తాడు చూడు. నీ బొమ్మలో తాడు జీనుకి అలంకారంగా వేలాడుతోంది. బరువు పడ్డ తాడు గీతలా బిగుసుకుంటుంది, దానివల్ల బొమ్మలో ప్రతిదీ మారిపోతుంది. గుర్రం వెనక్కి ఆనుకుంటుంది, జీను ఒక పక్కకి లాగుతుంది, మనిషి నడుం రెండో పక్కకి వంగుతుంది. టెక్సాస్‌లో పాతకాలపు వాళ్ళు తాడు కొసని జీను కొమ్ముకి, అంటే జీను ముందు పైకి లేచి ఉండే పిడికి, ముందే గట్టిగా కట్టేసేవాళ్ళు. ఆ లాగుడికి జీను లేచిపోకుండా గుర్రం పొట్ట కింద రెండు పట్టీలు ఉండేవి. కాలిఫోర్నియా వైపు వాళ్ళు పశువు చిక్కాకే జీను కొమ్ము చుట్టూ తాడు తిప్పుతారు. ఆ తిప్పడంలో బొటనవేలు తెగిపోయిన వాళ్ళున్నారు. నీ మనిషి ఏ ప్రాంతంవాడో టోపీ చెప్పకపోయినా జీను చెప్పాలి. రసెల్ 1916లో వేసిన బొమ్మ ఒకటుంది, కౌబాయ్‌లు ఎలుగుబంటిని తాళ్ళతో పట్టడం. మా ఊళ్ళోని ఏమన్ కార్టర్ మ్యూజియం వాళ్ళది. అందులో మొహాలు వదిలేసి తాళ్ళ వెంటే కళ్ళు నడిపించు.

గుర్రం కాళ్ళు కూడా సరిచేసుకో. నాలుగు కాళ్ళూ చాచి గాల్లో తేలే గుర్రాన్ని పాతవాళ్ళు గీశారు, వాళ్ళకి తెలియదు కాబట్టి. 1878లో మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్ పరుగెత్తే గుర్రాన్ని వరసగా ఫొటోలు తీసి చూపించాక ఆ సాకు పోయింది. నాలుగు డెక్కలూ నేల వదిలే క్షణంలో కాళ్ళు పొట్ట కిందకి ముడుచుకుని ఉంటాయి. ఆ ఫొటోలు నెట్‌లో ఉన్నాయి, దించుకుని గోడకి అంటించు. ఇంకో ఉపాయం రసెల్‌దే: అతను మైనంతో చిన్న చిన్న బొమ్మలు చేసేవాడు, జేబులో ఎప్పుడూ ముద్ద ఉండేదట. నువ్వూ ఒక గుర్రం చేసి టేబుల్ లైటు కింద పెట్టు. నీడ ఎక్కడ పడుతుందో ఊహించే బాధ తప్పుతుంది.

మూడో బొమ్మలో 1880ల నాటి మంద అన్నావు, అందులో మూపురం ఆవు దూరింది. మనవాళ్ళ కన్ను దాని మీదికే పోతుంది, ఏం చేస్తాం! ఇక్కడ బ్రాహ్మణ్ అని పిలిచే మూపురం పశువుల జాతిలో మన నెల్లూరు పశువుల రక్తం ఉన్న మాట నిజమే, కానీ ఆ జాతి పెంపకందార్ల సంఘం హ్యూస్టన్‌లో ఏర్పడిందే 1924లో. ఆనాటి మందలో పొడుగు కొమ్ముల లాంగ్‌హార్న్‌లని గియ్యి. ఈనాటి రాంచ్ (పశువుల్ని పెంచే పెద్ద కమతం) గీస్తే మాత్రం మూపురాలు నిక్షేపంగా ఉంచు. అలాగే అందరినీ తెల్లవాళ్ళుగా వేయకు. ఈ పని మెక్సికన్ వకేరోలు, అంటే అక్కడి పశువుల కాపరులు, నేర్పింది, నల్లజాతి కౌబాయ్‌లూ బోలెడుమంది.

పెద్ద కాన్వాస్ కొననా అని అడిగావు. ఇప్పుడొద్దు. 1886-87 చలికాలం మోంటానాలో పశువుల్ని తుడిచిపెట్టేసింది. మంద ఎలా ఉందని యజమాని హెలెనా అనే ఊరి నుంచి ఉత్తరం రాస్తే, రసెల్ పోస్టుకార్డంత అట్టముక్క మీద నీటిరంగులతో ఒక బక్కచిక్కిన ఆవుని వేశాడు. మంచులో ఎముకల గూడులా నిలబడి ఉంది, చుట్టూ తోడేళ్ళు కాచుకుని ఉన్నాయి. రాంచ్ చూసుకునే పెద్ద తన జవాబు మానేసి దాన్నే పంపాడు. ఆ అట్టముక్కతోనే అతని పేరు నలుగురికీ తెలిసింది. అందులో టోపీ లేదు, తుపాకీ లేదు, అసలు కౌబాయే లేడు. నువ్వూ ఈ ఏడాది పోస్టుకార్డు సైజు దాటకు.

ఇక డబ్బు. రసెల్ తన బొమ్మల్ని ఎంతకి పడితే అంతకి ఇచ్చేసేవాడు. 1896లో పెళ్ళాడిన నాన్సీ బేరాలు తన చేతిలోకి తీసుకుంది. చచ్చిపోయిన చిత్రకారులకి వచ్చే ధరలు అడుగుతోందని ఆయన వేళాకోళం చేసేవాడు. ఆ ధరలే వచ్చాయి కూడా. 1911లో న్యూయార్క్‌లో ప్రదర్శన, 1912లో మోంటానా శాసనసభ గోడకి ఇరవై అయిదడుగుల బొమ్మ, దానికి 5,000 డాలర్లు. నీకూ మొహమాటం ఎక్కువ. ధర మీ ఆయన్ని చెప్పమను, నువ్వు పక్క గదిలో ఉండు.

ఒక శనివారం ఇటు రా. ఏమన్ కార్టర్‌లోనూ, సిడ్ రిచర్డ్‌సన్ మ్యూజియంలోనూ టికెట్ లేదు. స్టాక్‌యార్డ్స్ అనే పాత పశువుల సంతలో పొద్దున పదకొండున్నరకీ, సాయంత్రం నాలుక్కీ లాంగ్‌హార్న్‌లని వీధిలో నడిపిస్తారు. టూరిస్టుల కోసమే అనుకో, ఆవులకి ఆ సంగతి తెలియదు కదా, మామూలుగానే నడుస్తాయి. ఫోన్ కారులో వదిలేసి పెన్సిల్ తెచ్చుకో. పెద్దమ్మ గోంగూర పచ్చడి పెట్టింది, ఖాళీ సీసా ఒకటి తెచ్చుకోమంది.

మీ పెదనాన్న