బాక్సర్ ముక్కలుముక్కలుగా మాయమవుతున్నాడు

ప్రశ్న: పాత వీడియో గేమ్ యంత్రం నింటెండో ఎన్ఈఎస్‌కి చిన్న బాక్సింగ్ గేమ్ రాస్తున్నాను. ప్రత్యర్థిని పెద్దగా గీస్తే చేతులు, భుజాలు మాయమవుతున్నాయి. 1987 నాటి మైక్ టైసన్ పంచ్‌అవుట్‌లో అంత పెద్ద బొమ్మలు ఎలా వచ్చాయండీ?
- ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: మీరు ప్రత్యర్థిని స్ప్రైట్లతో (తెర మీద ఎటైనా కదిలించగల చిన్న బొమ్మ ముక్కలతో) గీస్తున్నట్టున్నారు. తెర మీది ఒక అడ్డగీతలో 8 స్ప్రైట్లే కనబడతాయి. ఒక్కోటి 8 పిక్సెళ్ల వెడల్పు కాబట్టి 64 పిక్సెళ్లు దాటితే మిగతాది గల్లంతే. పంచ్‌అవుట్‌లో ప్రత్యర్థి అసలు స్ప్రైట్ కాదు, వెనక దృశ్యంలో భాగం, అంటే బ్యాక్‌గ్రౌండ్! స్ప్రైట్లు ముఖ్యంగా మనం ఆడించే బాక్సర్ లిటిల్ మ్యాక్‌కి. వాణ్ణి పొట్టివాణ్ణి చేయడం వల్ల వెనకున్నవాడు మనకు కనబడతాడు కూడా.

బ్యాక్‌గ్రౌండ్‌కి మారితే ఇంకో చిక్కు: ఒకసారికి 256 టైళ్లే (8×8 పిక్సెళ్ల చిన్న పలకలు) దొరుకుతాయి. ప్రేక్షకులు, తాళ్లు, స్కోరు, బాక్సర్ అన్నీ అందులో ఇమడవు. అందుకే పంచ్‌అవుట్ కార్ట్రిడ్జ్‌లో ఎంఎంసీ2 చిప్ పెట్టారు. తెర గీస్తుండగా ఎఫ్‌డీ లేదా ఎఫ్‌ఈ (అంటే 253, 254) నంబరు టైల్ తగలగానే అది 4 కేబీ టైళ్ల బ్యాంకును (256 టైళ్ల కట్టను) తనంతట తానే మార్చేస్తుంది, ప్రాసెసర్‌కి పని లేదు. ఈ గుర్తు టైళ్లను బాక్సర్‌కి అటూ ఇటూ పెట్టండి. మార్పు ఆ టైల్ తర్వాతి నుంచే అమలవుతుంది. ఒక్క గడి తప్పినా ప్రేక్షకుల చోట గ్లవ్ ముక్కలు తేలతాయి.

రంగులతోనూ జాగ్రత్త. 16×16 పిక్సెళ్ల గడికి ఒకే ప్యాలెట్ (కొద్ది రంగుల గుంపు). చర్మం, గ్లవ్, నిక్కరు ఒకే గడిలో పడేట్టు గీయకండి.