ఇంటి వస్తువులను ఎక్కువ కాలం వాడుకోవడం ఎలా?

పాతబడిన వస్తువులను పారవేయకుండా వాటి మన్నికను ఎలా పెంచవచ్చని అడిగారు. ముందుగా ఆ వస్తువు ఎక్కడ అరుగుతోందో గమనించాలి, ఎందుకంటే చాలా వస్తువులు అంతటా ఒకేలా పాడవవు.

పక్క దుప్పటినే తీసుకోండి. శరీరం ఆనే నడిమి భాగం పలచబడుతుంది, అంచులు మాత్రం దాదాపు కొత్తవిగానే ఉంటాయి. అది చిరగకముందే నిలువుగా మధ్యకు కత్తిరించి, గట్టిగా ఉన్న పక్క అంచులను ఒకదానితో ఒకటి కలిపి కుట్టి, పలచబడిన వైపులను బయటికి తెచ్చి మడిచి కుడితే మరికొంత కాలం వస్తుంది. కుట్టు ఒంటికి ఒత్తుకోకుండా చదునుగా వేయాలి. ఆ తరువాత అదే గుడ్డ దిండు గలీబులకూ, చివరకు తుడుచుకోవడానికీ పనికివస్తుంది.

తువ్వాలు నీటిని సరిగా పీల్చకపోతే పారవేయనక్కరలేదు. మెత్తదనం కోసం వాడే ద్రవం పోగులపై పూతలా పేరుకోవడమే తరచుగా కారణం. దానిని మానివేసి వేడినీటిలో ఉతికితే చాలావరకు బాగుపడుతుంది.

కెటిల్ అడుగున పట్టే తెల్లని పొర ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. వెనిగర్ కలిపిన నీటిని వేడిచేసి అరగంట ఉంచితే అది కరుగుతుంది. వెనిగర్‌ను బ్లీచింగ్ ద్రావణంతో మాత్రం ఎన్నడూ కలపకూడదు, క్లోరిన్ వాయువు వెలువడుతుంది.

ఖాళీ గాజు సీసాలను నిశ్చింతగా తిరిగి వాడుకోవచ్చు గానీ, రసాయనాలు నిల్వచేసిన డబ్బాలలో ఎంత కడిగినా ఆహారం ఉంచకూడదు.