పార్టీని నిషేధిస్తే తుపాకీ ఎందుకు పైకి లేస్తుంది?

నిషేధంతో, అరెస్టులతో ఉద్యమం చల్లారాలి కదా, సాయుధ తిరుగుబాటు ఎందుకు పెరుగుతుంది అని అడిగారు. తొంభైలలో నేను ఒక దినపత్రికలో విదేశీ వార్తలు చూసేవాణ్ణి. అల్జీరియా కబుర్లు నా బల్ల మీదికే వచ్చేవి కాబట్టి ఆ ఉదాహరణే చెబుతాను.

1991 డిసెంబరులో, తొలి విడత ఎన్నికల్లో ఇస్లామిక్ పాలన కోరే ఇస్లామిక్ సాల్వేషన్ ఫ్రంట్ అనే పార్టీ 188 స్థానాలు గెలిచింది. రెండో విడత జరగకుండానే, 1992 జనవరిలో సైన్యం అధ్యక్షుణ్ణి గద్దె దింపి ఎన్నికలు రద్దు చేయించింది. మార్చిలో పార్టీనే రద్దు చేశారు. వేలాది మందిని సహారా ఎడారి శిబిరాలకు తరలించారు. ఆ పార్టీ మీద నాకు ప్రేమేమీ లేదు. గెలిస్తే మళ్లీ ఎన్నికలు పెట్టేదా అన్న అనుమానం ఇప్పటికీ ఉంది.

అయితే అరెస్టయింది ఎవరో చూడండి. పార్టీని ఎన్నికల బరిలోకి నడిపించిన అబ్దుల్ ఖాదర్ హషానీ జనవరిలోనే జైలుపాలయ్యాడు. సభలు పెట్టేవాడు, కరపత్రం మీద పేరు వేసుకునేవాడు, పోలింగ్ ఏజెంటుగా కూర్చునేవాడు పోలీసులకు ఇట్టే దొరుకుతారు. ఓటును ఏనాడూ నమ్మక చాటుగా తిరిగేవాడు దొరకడు. ఆయుధాలు పట్టిన చిన్న ముఠాలు అక్కడ అంతకుముందూ ఉన్నాయి. కానీ ‘ఓట్లేసి ఏం సాధించారు?’ అని వాళ్లు అడిగితే జవాబు చెప్పగలిగినవాళ్లు ఇప్పుడు బయట లేరు. పార్టీలో నలుగుతున్న వాదనను ప్రభుత్వమే వాళ్ల పక్షాన తేల్చేసింది. జీఐఏ (సాయుధ ఇస్లామిక్ దళం) వంటి ముఠాలకు కుర్రాళ్లు అలా దొరికారు. ఆ దశాబ్దంలో లక్షకు పైగా చనిపోయారని అంచనా. ఊచకోతల వార్తలు మొదటి పేజీకి ఎక్కేవి. రద్దయిన ఎన్నికల సంగతి మాత్రం, చోటు చాలదంటూ, చివరి పేరా నుంచి ఎగిరిపోయేది.

దక్షిణాఫ్రికాలోనూ ఇలాగే జరిగింది. నల్లజాతివారి హక్కుల కోసం 1912లో పుట్టిన ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ దాదాపు అర్ధశతాబ్దం ఆయుధం ముట్టలేదు. షార్ప్‌విల్‌లో నిరసనకారులు 69 మందిని పోలీసులు కాల్చిచంపాక, 1960 ఏప్రిల్‌లో దాన్ని నిషేధించారు. మరుసటి ఏడాది డిసెంబరుకల్లా దానికి సాయుధ విభాగం ఏర్పడింది.

ప్రతిచోటా ఇలాగే జరుగుతుందనుకోకండి. పోలండ్‌లో కమ్యూనిస్టు ప్రభుత్వం సాలిడారిటీ అనే కార్మిక సంఘాన్ని 1982లో నిషేధించినా అది అడవుల్లోకి పోలేదు. ఫ్యాక్టరీల్లో మనుషులున్నారు, చర్చి అండ ఉంది, రహస్యంగా అచ్చయ్యే పత్రికలున్నాయి, తుపాకీ ఎత్తితే సోవియట్ ట్యాంకులు వస్తాయన్న భయమూ ఉంది. 1989లో ప్రభుత్వం చర్చలకు పిలిచినప్పుడు వెళ్లి కూర్చోవడానికి దాని నాయకుడు లేక్ వాలెన్సా ఉన్నాడు.