చర్చల్లో ఎవరిని ట్రోల్ అనాలి?

ఆన్‌లైన్ చర్చల్లో కటువుగా మాట్లాడే ప్రతివారినీ ట్రోల్ అనవచ్చా, లేక ట్రోల్‌కు వేరే లక్షణం ఏదైనా ఉందా అని మీరు అడిగారు. తెలుగు భాషకు సంబంధించిన ఒక చిన్న బృందాన్ని నాలుగేళ్లపాటు నిర్వహించాను. ఈ విషయంలో ఒకసారి దారుణంగా పొరబడ్డాను కూడా, కాబట్టి ఆ అనుభవం నుంచే జవాబు చెబుతాను.

తెలుగులో ఇప్పుడు ట్రోల్ చేయడమంటే ఎగతాళి చేయడమనే అర్థం స్థిరపడిపోయింది. సినిమా విడుదలైన రోజు హీరో మీద మీములు వేసినా ట్రోలింగే అంటున్నాం. 1990ల తొలినాళ్లలో యూజ్‌నెట్ అనే తొలితరం ఆన్‌లైన్ చర్చావేదికల్లో ఈ మాట వాడుకలోకి వచ్చినప్పుడు దాని పరిధి ఇంతకంటే చిన్నది. నీటిలో కదులుతున్న పడవ వెనుక ఎర కట్టిన గాలపు తాడును ఈడ్చుకుంటూ పోయి చేపలు పట్టడాన్ని ఇంగ్లీషులో ట్రోలింగ్ అంటారు. అలాగే యూజ్‌నెట్‌లో పాత సభ్యులు ఎప్పుడో తేలిపోయిన సంగతిని ఏమీ తెలియనట్టు మళ్లీ లేవనెత్తి, ఆవేశంగా జవాబు రాయడానికి వచ్చే కొత్తవారిని చూసి నవ్వుకునేవారు. నా దృష్టిలో ఈనాటికీ అసలు గుర్తు ఆ గాలమే: రాసినవాడికి తాను రాసిన మాటతో పని లేదు, ఎవరు కొరుకుతారన్నదే వాడి ధ్యాస.

మా బృందంలో ఒకసారి బండి ‘ఱ’ను, అంటే ఇప్పుడు చాలామంది మామూలు ‘ర’తోనే సరిపెట్టేస్తున్న పాత అక్షరాన్ని, పిల్లలకు నేర్పాలా వద్దా అన్న ప్రశ్న వచ్చింది. సభ్యుల్లో ఒకాయన పదవీ విరమణ చేసిన తెలుగు మాస్టారు. గుఱ్ఱం, కఱవు అని రాయనివారందరినీ ఆయన కోప్పడేవారు. ‘చదువు రానివారికి ఇక్కడేం పని’ అని కూడా ఒకరితో అన్నారు. అదే చర్చలోకి మరో సభ్యుడు వచ్చి, ఎంతో మర్యాదగా, ‘ఱ రాయనివారిని తెలుగువారని ఎలా అనగలం? తెలుసుకుందామనే అడుగుతున్నాను’ అని ఒక్క వాక్యం రాశాడు. సాయంత్రానికి దాని కింద ఎనభైకి పైగా వ్యాఖ్యలు చేరాయి, అందులో అతనివి మూడే. చర్చ చల్లబడుతోందనిపించినప్పుడల్లా ఒకటి విసిరి తప్పుకున్నాడు.

మాస్టారి మీద పదకొండు ఫిర్యాదులు వచ్చాయి. రెండో మనిషి మీద ఒక్కటి కూడా రాలేదు, ఎందుకంటే అతను ఒక్క తిట్టు కూడా వాడలేదు. నేను మాస్టారిని తొలగించాను.

నెల తర్వాత ఇంకొక బృందంలో ఆ రెండో మనిషే, అదే పేరుతో, ‘ఇంకా బండి ఱను పట్టుకుని వేలాడేవారికి వేరే పని లేదా? తెలుసుకుందామనే అడుగుతున్నాను’ అని రాయడం చూశాను. అతనికి ఱ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. నాకు వెంటనే మాస్టారు గుర్తుకొచ్చారు. ఒకప్పుడు ఆయన ‘తెర’కు కూడా బండి ఱ ఉండాలని గట్టిగా వాదించారు, ‘తెఱచు’కే అది ఉంటుందనీ, ‘తెర’కు మామూలు రేఫమేననీ ఒకమ్మాయి నిఘంటువు పుట ఫొటో తీసి పెట్టగానే, ‘నాదే పొరపాటమ్మా’ అని అందరి ముందూ ఒప్పుకున్నారు. గాలం వేసేవాడు ఆ పని చేయలేడు, ఒప్పుకోవడానికి అతనికంటూ ఒక అభిప్రాయం ఉండాలి కదా. ఇప్పుడు ఎవరి గురించైనా సందేహం వస్తే, మంచి జవాబు దొరికాక ఆ మనిషి ఏం చేస్తాడో చూస్తాను. ట్రోల్‌కు మంచి జవాబు అడ్డంకి కాబట్టి, దాన్ని వదిలేసి, అందరిలోకీ కోపంగా ఉన్నవారికే బదులిస్తాడు.

అయితే ట్రోల్స్ అంటే ఓ ప్రత్యేక జాతి అని కూడా అనుకోకూడదు. స్టాన్‌ఫర్డ్, కార్నెల్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2017లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 667 మంది చేత ముందు ఒక పరీక్ష రాయించి, తర్వాత ఒక వ్యాసం మీద వ్యాఖ్యానించమన్నారు. సులువైన పరీక్ష రాసి, మామూలు వ్యాఖ్యలు చూసినవారు రాసినవాటిలో సుమారు 35 శాతం ట్రోల్ తరహా వ్యాఖ్యలని తేలింది. కష్టమైన పరీక్షతో చికాకుపడి, అప్పటికే అక్కడున్న దురుసు వ్యాఖ్యలు కూడా చూసినవారిలో అది 68 శాతానికి చేరింది. దీన్ని నమ్మడానికి నాకు ఇబ్బందేమీ లేదు. ఆఫీసులో మాటపడి వచ్చిన ఒక రాత్రి, ఆ ఱ చర్చలోనే, నాకు అస్సలు పట్టని వాదం ఒకటి ఎత్తుకుని, ముక్కూముఖం తెలియని వ్యక్తిని కేవలం ఉడికించడానికే నాలుగు వ్యాఖ్యలు రాశాను. నిర్వాహకుణ్ని కాబట్టి నా మీద ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

మాస్టారికి విడిగా ఉత్తరం రాసి, తిరిగి రమ్మని వేడుకున్నాను. ఆయన రాలేదు. రెండు రోజుల తర్వాత ఒకే ఒక్క వాక్యం పంపారు: ‘క్షమాపన కాదు నాయనా, క్షమాపణ.’